మూత లేని పెన్నులు

మా మొదటి బిడ్డ ఇంటికి రాలేదు. ఆస్పత్రిలో పుట్టి, ఒక పగలూ ఒక రాత్రీ ఉండి, అక్కడి నుంచే వెళ్ళిపోయింది. ఆడపిల్ల. నాకు జ్వరం తగ్గక ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆ మంచం మీదే ఉన్నాను. అమ్మ నా దగ్గర కూర్చునేది. మిగతావన్నీ మా ఆయనా, మా నాన్నా చూసుకున్నారు. ఏం చూసుకున్నారో, ఎలా చూసుకున్నారో నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

డెబ్భైల మొదట్లో సంగతి ఇది. విజయవాడ సత్యనారాయణపురంలో, రైలు కట్టకి దగ్గర్లో, రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. మా పుట్టిల్లు ఉయ్యూరు. నాన్నకి అక్కడ కొంచెం చెరుకు, కొంచెం వరి. ఆస్పత్రి నుంచి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళి, ఒంట్లో కాస్త సత్తువ వచ్చాక మళ్ళీ మా వాటాకి వచ్చాను.

తిరిగి వచ్చాక మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పోట్లాట ఏమీ లేదు. కిరసనాయిలు అయిపోయిందనో, పంపులో నీళ్ళు రాలేదనో, ఆ పూటకి కావలసినంత మాట్లాడుకునేవాళ్ళం. ఆయన ఆఫీసుకి వెళ్ళిన రోజుల్లో నాకు ఇబ్బంది తెలిసేది కాదు. ఆదివారం మాత్రం ఎంతకీ గడిచేది కాదు. ఆ రోజు పొద్దున కాఫీ తాగి, చొక్కా వేసుకుని, "ఇప్పుడే వస్తా" అని వెళ్ళేవారు. భోజనాల వేళ దాటాక వచ్చేవారు. చేతిలో ఒక్కోసారి న్యూస్ పేపర్లో చుట్టిన సన్నటి పొట్లం ఉండేది. దాన్ని మంచం కింద ట్రంకు పెట్టెలో పెట్టి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చునేవారు. నేను వడ్డించేదాన్ని.

ఒకరోజు దుప్పట్లు ఎండలో వేద్దామని ఆ పెట్టె తీశాను. పొట్లాలు విప్పి చూశాను. అన్నీ పెన్నులు. ఒక్కదానికీ మూత లేదు. జేబుకి పెట్టుకునే పుల్ల లేదు. వెనక వైపు మాత్రం ఎలక తోకలాగా పొడుగ్గా, సన్నగా ఉన్నాయి. రెండిటికి తోక కూడా విరిగిపోయింది. ఎంతసేపు చూసినా ఇవి ఎందుకు కొంటున్నారో నాకు అర్థం కాలేదు. మళ్ళీ అలాగే చుట్టి పెట్టేశాను. మనసు మాత్రం కుదుటపడలేదు. మనిషి బెంగతో ఏదైనా అయిపోతున్నారేమోనని భయమేసింది.

ఆ వారంలోనే నాన్న వచ్చాడు. సంచీలో బెల్లం, నిమ్మకాయలు, అమ్మ పెట్టిన ఉసిరికాయ పచ్చడి. నేను వంటింటి గడపలో కూర్చుని చెప్పాను.

"ప్రతి ఆదివారం ఎటో పోతన్నారు నాన్నా. మధ్యాహ్నం దాకా రారు. మూతల్లేని పెన్నులు కొనుక్కొస్తన్నారు."

"మూతల్లేనివా?"

"ఒక్కదానికీ లేదు."

"నువ్వేమన్నా అడిగావా?"

"లేదు."

"అడగమాకులే. నే కనుక్కుంటా," అన్నాడు.

ఆదివారం దాకా ఉండిపోయాడు. ఆ పొద్దున ఆయన చెప్పులు వేసుకుంటుంటే నాన్న కూడా తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"అల్లుడుగారూ, నేనూ వస్తానండి. ఊరికే కూచుంటే కాళ్ళు పట్టేస్తన్నయ్యి."

ఆయన ఇబ్బంది పడ్డారు. "నేను ఊరికే అలా వన్‌టౌన్ వైపు వెళ్తున్నాను మావయ్యగారూ. మీరు ఎండలో..."

"చెరుకు తోటలో లేని ఎండా అండీ," అని నాన్న ముందు నడిచాడు.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి వచ్చారు. ఆయన చేతిలో మామూలు పొట్లమే. నాన్న భుజం మీద మాత్రం ఒక పాత ఇనప త్రాసు, గొలుసులతో సహా. దాన్ని వసారాలో దించి, "మంచి నీళ్ళియ్యమ్మా" అన్నాడు. ఆ పూట అన్నం దగ్గర, చాలా కాలం తర్వాత మా ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడటం విన్నాను.

జరిగింది ఇది. వన్‌టౌన్‌లో కాలవ దగ్గరి సందుల్లో పాత సామాన్ల కొట్లుండేవి. అందులో ఒకటి ఒక పెద్ద వయసు సాయిబుగారిది. ఆ కొట్లో స్క్రూడ్రైవర్లు, తలుపు గొళ్ళేలు వేసిన రేకు డబ్బాలో మా ఆయనకి ఒక తోక పెన్ను కనిపించింది. కనిపించగానే మొహం వెలిగిపోయిందట. అది చూసి సాయిబుగారు ఐదు రూపాయలన్నాడు. ఆయన జేబులో చెయ్యి పెట్టబోయారు. నాన్న ఆ చెయ్యి పట్టుకుని ఆపి, "ఆ త్రాసెంతండీ?" అని అడిగాడు.

"అరగంట త్రాసు గురించే మాట్లాడారు," అని ఆయన నాకు చెప్పారు. నాకు చెప్పారు. అన్నం కలుపుతూ, నా వైపు తిరిగి. "దాని ముల్లు వంకర, గొలుసు తుప్పు, తక్కెడ చిన్నది, అన్నీ చెప్పి సగానికి తెచ్చారు. చివర్లో, ఆ తోక పుల్ల కూడా ఇందులో పడెయ్యండి అన్నారు. పడేశాడు."

"మరట్టాగే కొనాలి," అన్నాడు నాన్న. "సంతలో కోడెని కొనేటప్పుడు దాని మొహంలోకి చూడకూడదమ్మా. పక్కదాని పళ్ళు చూడాలి. మీ ఆయన పోయి దాని మెళ్ళో చేతులేసి నిలబడ్డాడు. ఇంకెవడు తగ్గిస్తాడు?"

"అది సరే మావయ్యగారూ, మనకి త్రాసెందుకు?"

"మీకు ఆ పెన్నెందుకో మాకు ఈ త్రాసందుకే," అన్నాడు నాన్న.

ఆయన నవ్వారు. నేను చారు గిన్నె కోసం లోపలికి వెళ్ళి, గిన్నె చేత్తో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను.

భోజనాలయ్యాక నాన్న చాప మీద చేరగిలబడి, "ఇప్పుడు చెప్పండి. ఇదేంటి?" అన్నాడు. ఆయన ట్రంకు పెట్టె బయటికి లాగారు. నేను తమలపాకులకి సున్నం రాస్తూ విన్నాను.

ఇవి జేబులో పెట్టుకునే పెన్నులు కావు, బల్ల మీద పెన్నులు. తెల్లవాళ్ళ కాలంలో పెద్ద ఆఫీసర్లు, ప్లీడర్లు, షావుకార్లు బల్ల మీద ఒక చలవరాతి పలక పెట్టుకునేవారు. దానికి సన్నాయి మూతిలాంటి ఒక గొట్టం ఏటవాలుగా బిగించి ఉండేది. పెన్నుని అందులో గుచ్చితే పాళీ ఆరిపోకుండా ఉంటుంది. కావలసినప్పుడు తోక పట్టుకుని తీసి రాసుకోవడమే. అందుకని దీనికి మూత ఉండదు. ఆ గొట్టమే దాని మూత. కాలం గడిచాక ఆ పలకా, పెన్నూ విడిపోయాయి. పలక కాగితాల మీద బరువుగా ఒక చోటికీ, పెన్ను స్క్రూడ్రైవర్ల డబ్బాలోకీ చేరాయి. చూసిన వాళ్ళందరూ మూత పోయిన పెన్ననుకుంటారు. అందుకే చవగ్గా దొరుకుతాయి.

"మరి నిజంగా మూత పోయిందానికీ దీనికీ తేడా ఎట్టా తెలుస్తుందండీ?" అన్నాడు నాన్న.

"మూత పోయిన పెన్నుకి మెడ దగ్గర మూత బిగించే మరలు ఉంటాయండి. వీటికి చాలావాటికి ఉండవు. మెడ నున్నగా ఉంటుంది. ఇంకోటి, తోక చూడాలి. ఒక్కోడు మామూలు పెన్నుకి కర్ర తోక అతికించి అమ్ముతాడు. గోరుతో ఇలా గీసుకుంటూ పోతే అతుకు దగ్గర తగులుతుంది."

నాన్న గోరుతో గీశాడు. తర్వాత పాళీ సంగతి వచ్చింది. బంగారు పాళీ ఎంతకాలమైనా తుప్పు పట్టదు. బంగారు పూత పూసినదైతే మధ్య చీలిక అంచున తెల్లగా బయటపడుతుంది. కొసన బియ్యపు నూకలాంటి గట్టి చుక్క అరిగిపోకుండా ఉండాలి. ఒళ్ళు దేనితో చేశారో తెలియాలంటే బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది వాసన చూడాలి. నల్లటి గట్టి రబ్బరుదైతే కాలిన టైరు వాసన. ఎండకి రంగుపోయి టీ డికాక్షన్‌లా అయితే అదీ రబ్బరే, దాన్ని నీళ్ళలో నానబెట్టకూడదు, ఇంకా పాలిపోతుంది. రంగురంగుల చారలున్నదైతే కర్పూరం వాసన వస్తుంది.

నాన్న ఒకదాన్ని తొడ మీద పంచెకేసి రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "హారతిచ్చినట్టుంది," అన్నాడు.

అప్పటి నుంచి నాన్న వారం విడిచి వారం మొదటి బస్సుకి వచ్చేవాడు. పొలం పని ఉన్నా సరే. ఇద్దరూ వన్‌టౌన్ పోయేవారు. నాన్నకి పాళీలు, రబ్బర్లు ఒక పట్టాన గుర్తుండేవి కావు. దారిలో "కర్పూరం ఏదన్నారండీ, నల్లదా చారలదా?" అని మళ్ళీ అడిగేవాడట. బేరం మాత్రం నాన్న చేతిలోనే. దాని మూలంగా మా వసారాలోకి ఆవు గంటలు, కాళ్ళు లేని గ్యాసు దీపం, తీగలు తెగిన పంజరం, ఎవరిదో పేరు చెక్కిన ఇత్తడి చెంబు వచ్చి చేరాయి. పెన్ను కోసం పక్క వస్తువు కొనక తప్పేది కాదు. మా ఆయన చదువుకున్న లెక్క ప్రకారం అందులో లాభం ఎక్కడుందో ఎప్పుడూ తేలలేదు. కానీ నాన్నతో ఆ మాట అనలేదు.

సాయంత్రాలు ఆయన ఆ పెన్నులు బాగుచేసేవారు. ఎండిన సిరా కరగడానికి మెడ వరకూ గిన్నెలో నీళ్ళలో నిలబెట్టేవారు. లోపలి రబ్బరు తిత్తి జిగురై పోయి ఉంటే గీకి తీసేసి, మందుల షాపులో దొరికే చుక్కల గొట్టం తిత్తిని కత్తిరించి తొడిగేవారు. నేను దీపం దగ్గరికి జరిపేదాన్ని. ఒకసారి "పట్టుకో" అని పాళీ నా అరచేతిలో పెట్టారు. ఎంత తేలికో. అప్పటికి మా మధ్య మాటలు పెన్నుల దాకా వచ్చాయి. అంతకు మించి రాలేదు.

తర్వాత చెరుకు నరికే కాలం వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు వస్తే ఇక రైతుకి ఊపిరాడదు. నరికించాలి, కట్టలు కట్టించాలి, బళ్ళు మాట్లాడాలి, ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో నిలబడాలి. నాన్న మా ఊరి మనిషి ఒకాయనతో కబురు పంపాడు. కబురు నాకు కాదు, అల్లుడికి. "నాకు కుదరదు, ఈ నాలుగు వారాలూ నా బదులు అమ్మాయిని తీసకెళ్ళమన్నానని చెప్పు" అని.

ఆ ఆదివారం ఆయన చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. వెళ్ళలేదు.

"వస్తావా?" అన్నారు.

ఆస్పత్రి నుంచి వచ్చాక నేను కూరగాయలకి తప్ప వీధిలోకి పోయింది లేదు. చీర మార్చుకుని వచ్చాను. రిక్షాలో కాలవ దాటి వన్‌టౌన్‌లో దిగాం. సందు మలుపులో రిక్షా ఒరిగినప్పుడు ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

సాయిబుగారి కొట్టు నేను అనుకున్నంత చీకటిగా లేదు. పైన ఒక రేకు పలక తీసేసి ఉంటే ఎండ సూటిగా సామాన్ల మీద పడుతోంది. సాయిబుగారికి తెల్ల గడ్డం, లుంగీ, ముక్కు మీద కళ్ళజోడు.

"పెద్దాయన రాలేదా బాబూ?" అని అడిగాడు.

"చెరుకు పనుల్లో ఉన్నారండీ. వారి అమ్మాయి," అని నన్ను చూపించారు.

సాయిబుగారు నాకు ఒక స్టూలు తుడిచి వేశాడు. "అమ్మా, మీ నాన్నగారితో చెప్పమాక. ఆయన ఏదన్నా ధర అడిగితే, ఆయనకి కావాల్సింది దాని పక్కనుందని నాకు మొదటి రోజే తెలిసింది."

"మరి తెలిసీ ఎందుకిచ్చారండీ?" అన్నాను.

"పొద్దుట్నుంచీ ఇక్కడ కూచుంటే ఎవరొస్తారమ్మా? వచ్చినోళ్ళు ధర అడిగి పోతారు. ఆయన కూచుని మాట్లాడతాడు. చుట్ట ఇస్తాడు. బండి ఎద్దులకి ఏం మేత పెట్టాలో మా తమ్ముడికి చెప్పాడు. అమ్మకం అన్నాక అంతా లాభమే ఉండాలా?"

మా ఆయన డబ్బాలు వెతుకుతుంటే నేను స్టూలు మీద నుంచి చుట్టూ చూస్తున్నాను. నా మోకాలి పక్కనే, నూలు తాడుతో కట్టిన సూదుల కట్ట ఒకటి ఉంది. ఉన్ని అల్లుకునే సూదులు. ఏ దొరసాని వదిలిపోయిందో. ఎముక రంగువి, నల్లవి, పొడుగూ పొట్టీ. వాటి మధ్య ఒకటి ఆకుపచ్చగా, పల్చటి తెల్ల చారలతో ఉంది. కొస సూదిలా మొనతేలి లేదు, గుండ్రంగా నున్నగా ఉంది. ఊరికే బొటనవేలు పెట్టి రుద్దాను. రుద్ది వాసన చూశాను.

ఆయన్ని పిలవలేదు. ముందు తాడు వదులు చేసి దాన్ని బయటికి లాగాను. రెండో కొసన, సిరా గడ్డకట్టి నల్లగా అయిపోయిన పాళీ ఉంది. కొంగుతో తుడిస్తే మధ్య చీలిక పక్కన పసుపు రంగు కనిపించింది. అంచు దాకా పసుపే.

"ఏవండీ," అన్నాను.

ఆయన వచ్చి చూశారు. ఆయన మొహం వెలగడం నేను అదే మొదటిసారి చూడటం. నాన్న చెబితే నవ్వుకున్నాను గానీ, చూస్తే నవ్వు రాలేదు. పెళ్ళిలో తలంబ్రాలప్పుడు ఉన్న మొహం అది.

నాకు నాన్న విద్య రాదు. కట్ట చేతిలో పట్టుకుని సాయిబుగారితో, "ఇందులో ఇది సూది కాదండీ, పెన్ను. పాళీ బంగారంది. ఎంతకిస్తారు?" అన్నాను.

సాయిబుగారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. తిప్పి చూశాడు. మళ్ళీ నా చేతిలో పెట్టేశాడు.

"సూదుల్లో దొరికింది కాబట్టి సూదేనమ్మా. కట్ట మొత్తం రూపాయిన్నర. సూదులు కూడా తీసుకెళ్ళాలి మరి."

తిరిగి వచ్చేటప్పుడు రిక్షా ఎక్కలేదు. కాలవ వంతెన దగ్గర గోళీసోడా బండి ఉంటే ఆగాం. పక్కన రాతి గట్టు మీద కూర్చున్నాం. కింద కాలవలో గడ్డి పడవ ఒకటి పోతోంది. సోడా తాగుతూ ఆయన ఆ పెన్నునే చూస్తున్నారు. నేను అడిగాను.

"పాపని ఎక్కడ పెట్టారు?"

ఆయన సోడా సీసా పక్కన పెట్టారు. పడవ వంతెన కిందకి వెళ్ళి అవతల వైపు తేలింది.

"బ్యారేజీ కింద, కృష్ణ ఒడ్డున," అన్నారు. "అక్కడ ఆ పని చేసేవాళ్ళుంటారు. మీ నాన్నగారు వాళ్ళని చెయ్యనివ్వలేదు. ఆయనే తవ్వారు. తన తువ్వాలు దులిపి, దాంట్లో చుట్టి, నా చేతికిచ్చారు. ఒకసారి ఎత్తుకోండి అన్నారు. అప్పటిదాకా నేను ఎత్తుకోలేదు. భయమేసి, పెద్దదయ్యాక ఎత్తుకుందాంలే అనుకున్నాను."

"ఎలా ఉంది?"

"నుదురు నీదే," అన్నారు.

మళ్ళీ ఆయనే చెప్పారు. "అది ఆదివారం. తర్వాత ఆదివారం వస్తే ఇంట్లో ఉండలేకపోయేవాణ్ణి. నువ్వు ఉయ్యూరు నుంచి వచ్చాక నిన్ను చూస్తే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. మొదటి వారం ఊరికే తిరిగాను. రెండో వారం అలా ఊరికే తిరగాలంటే సిగ్గేసింది. ఏదో కొనుక్కోడానికి వచ్చినట్టుంటే బాగుంటుందనిపించింది. అప్పుడు ఒక తోక పెన్ను కనపడింది. మా ఆఫీసులో పాత బల్ల మీద ఆ గొట్టం పలక ఒకటి ఉండేదిలే, దాంట్లోదే అని తట్టింది. అలా మొదలైంది."

"నాకు చెప్పాల్సింది."

"నువ్వు అడగలేదు," అన్నారు. తప్పు పట్టినట్టు కాదు.

"చూపిస్తారా?"

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

వెళ్ళాం. ఎండ నడినెత్తిన ఉంది. వానాకాలంలో ఏరు నిండుగా వచ్చి వెళ్ళినట్టుంది, ఒడ్డంతా కొత్త ఇసక పరుచుకుని ఉంది. ఆయన ఒక తుమ్మచెట్టు దగ్గర నిలబడి, అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడిచి, చివరికి "ఇక్కడే ఎక్కడో" అన్నారు. నేను ఆ ఇసక మీద కూర్చుని చేత్తో నిమిరాను. కాలిపోతోంది. తడి తగిలేదాకా పైపొర కొంచెం పక్కకి తోశాను. ఆయన కూడా పక్కన కూర్చున్నారు. ఇద్దరం బాగా ఏడ్చాం. అక్కడ ఎవరూ లేరు. ఉన్నా మాకు పట్టేది కాదు.

ఇంటికొచ్చాక ఆ పూట అన్నం ఆయనే వండారు. మెత్తగా అయిపోయింది. ఉసిరికాయ పచ్చడి వేసుకుని తిన్నాం.

ఆ తర్వాత మాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. పెన్నులు కూడా పెరిగాయి. ఆకుపచ్చదానికి సరిపోయే పలక గుంటూరులో ఒక తాళాలు బాగుచేసే మనిషి దగ్గర దొరికింది. అతను దాంట్లో మేకులు పోసుకుంటున్నాడు. మంగళగిరిలో నేత చీర కొనడానికి వెళ్ళి, అక్కడ షావుకారు చెవి గోక్కుంటున్న ఒక మంచి తోక పెన్ను పట్టుకొచ్చాం. ఇవన్నీ చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. కానీ నాకు అన్నిటికన్నా ఎక్కువ జ్ఞాపకం వచ్చేది మాత్రం ఆ చెరుకు కాలం అయిపోయాక ముగ్గురం కలిసి బందరు వెళ్ళిన రోజు.

ఎవరో ఒక పాత ప్లీడరుగారు పోయారనీ, కూతురు ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్మేస్తోందనీ నాన్నకి చెరుకు సొసైటీలో తెలిసింది. పొద్దున విజయవాడ నుంచి మేమిద్దరం బయల్దేరితే ఉయ్యూరులో నాన్న బస్సెక్కాడు. కొత్త పంచె కట్టుకున్నాడు.

పెద్ద పెంకుటిల్లు. ముందు గదిలో బల్ల మీద అమ్మదలచుకున్నవన్నీ పరిచి ఉన్నాయి. ప్లీడరుగారి కూతురు యాభై ఏళ్ళావిడ, తెల్లటి జాకెట్టు, మెడలో సన్న గొలుసుకి చిన్న సిలువ. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. బల్ల చివర ఉంది మేము వెతుకుతున్నది. నల్ల చలవరాతి పలక, రెండు సన్నాయి గొట్టాలు, రెండిట్లోనూ పెన్నులు. పలకా పెన్నులూ విడిపోకుండా ఒకే చోట ఉన్నది మేము చూడటం అదే మొదలు.

నాన్న దాని వైపు చూడనే లేదు. గోడ వైపు తిరిగాడు.

"ఆ గడియారం ఎంతమ్మా?"

"అది అమ్మడం లేదండీ. బల్ల మీదవే."

"ఆ బీరువా?"

"అది తమ్ముడు తీసుకెళ్తాడండీ."

నాన్న ఇంకేం అడగాలో తెలియక నా వైపు చూశాడు. నాకు నవ్వొచ్చింది. మా ఆయన అప్పటికే పెన్నులు ఒక్కొక్కటీ తీసి, గోరుతో తోక వెంట గీసుకుంటూ చూస్తున్నారు. రెండో దాని దగ్గర గోరు ఆగింది.

"మాకు ఆ పెన్నుల పలక కావాలండీ," అన్నాను నేను. "రెండిట్లో ఒకటే అసలుది. ఇంకోదానికి కర్ర తోక పెట్టించినట్టున్నారు."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి ఆ రెండోది చేతిలోకి తీసుకుంది.

"మీకు ఎలా తెలిసిందండీ? చిన్నప్పుడు నేనే విరిచాను దీన్ని. గుర్రం ఆట ఆడుతూ. నాన్నగారు ఏమీ అనలేదు. వడ్రంగి చేత టేకు తోక చేయించారు. అప్పటి నుంచి ఎర్రసిరా దీంతోనే రాసేవారు. ఆదివారం చర్చి నుంచి రాగానే మా అందరి కాపీ పుస్తకాలూ దిద్దేది దీంతోనే."

"మరి ఇది ఉంచుకోండమ్మా," అన్నారు మా ఆయన. "మేము పలకా, ఆ ఒక్కటీ తీసుకుంటాం."

ఆవిడ టేకు తోకని ఒకసారి నిమిరి, పెన్నుని మళ్ళీ గొట్టంలో గుచ్చింది. "వద్దండీ. నా దగ్గరుంటే డ్రాయర్లో పడి ఉంటుంది. మీరు రెండిట్లోనూ సిరా పోస్తారు కదా?"

"పోస్తామండీ."

"అయితే రెండూ తీసుకెళ్ళండి," అని ధర చెప్పింది. ఎక్కువేం కాదు గానీ, మేము అంతవరకూ ఏ పెన్నుకీ అంత ఇవ్వలేదు. నాన్న గొంతు సవరించుకున్నాడు. మా ఆయన నాన్న వైపు చూశారు. నాన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చేశాం. ఆవిడ గుమ్మం దాకా వచ్చింది.

బస్సులో ముగ్గురు పట్టే సీటు దొరికింది. నేను కిటికీ పక్కన, మా ఆయన మధ్యలో, నాన్న చివర. పలక నా ఒళ్ళో తువ్వాల్లో చుట్టి ఉంది. బందరు దాటేదాకా నాన్న గొణుగుతూనే ఉన్నాడు.

"చెప్పిన రేటుకి కొన్నాం. ఊళ్ళో తెలిస్తే నవ్వుతారు. నాకు అలవాటు తప్పిపోతంది."

"మీరే ఊరుకున్నారు కదా మావయ్యగారూ."

"ఆవిడ అట్టా చెబుతుంటే ఎట్టా అడగనండీ?" అన్నాడు నాన్న.

పామర్రు దగ్గర పొద్దు వాలింది. కాలవ గట్టు వెంట బస్సు ఊగుతూ పోతోంది. మా ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. తల ముందుకి పడి, లేచి, మళ్ళీ పడి, చివరికి నాన్న భుజం మీద ఆనింది. ఆ యేడాదిలో ఆయన అంత ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడం నేను చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. నాన్న ఒక్కసారి కిందకి చూసి, మళ్ళీ ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. భుజం కదిలించలేదు.

షుగర్ ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించింది. చెరుకు పిప్పి వాసన కిటికీలోంచి వచ్చింది. బస్సు ఆగింది.

"ఉయ్యూరు, ఉయ్యూరు," అన్నాడు కండక్టరు.

"నాన్నా, మనూరు," అన్నాను.

"తెలుసులే."

"దిగవా?"

"పడుకోనియ్యి," అన్నాడు మెల్లగా. "పొద్దున్నే మొదటి బస్సుకి తిరిగొస్తాలే."

ఎక్కేవాళ్ళు ఎక్కారు, బస్సు కదిలింది. కండక్టరు మా సీటు దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, మీ టికెట్టు ఉయ్యూరు దాకేనండీ" అన్నాడు. నాన్న కుడి భుజం అలాగే ఉంచి, ఎడమ చేత్తో తడుముకుని బొడ్లోంచి మడత నోటు తీసి ఇచ్చాడు.

"బెజవాడకి ఒకటి కొట్టు," అన్నాడు. "కాస్త నిదానంగా మాట్లాడవయ్యా."

కండక్టరు టికెట్టు చింపి ఇచ్చి, చిల్లర తర్వాత ఇస్తానని చేత్తో సైగ చేశాడు. నాన్న తల కూడా ఊపలేదు, కళ్ళతోనే సరేనన్నాడు.